మన అక్షరం ఫోనులో డబ్బా ఎందుకైంది? సోర్స్ కోడ్ చరిత్ర కొంచెం

ఈసారి పోస్టు పొడుగుంది, టైం చూసుకుని చదవండి.

పోయిన దీపావళి ముందు మా ఊరి వాట్సాప్ గ్రూపుల పెదనాయన ఒక మెసేజ్ పెట్టిండు. గుంజాల గోండి లిపిలో రాసిండు. మా దండారి ఏ రోజు ఏ ఊరికి పోతదో అందులో ఉందట. మా రూములో ఉన్న ఫోనులో మాత్రం వరుసగా డబ్బాలు కనబడ్డయి. ఏదో పాడైన ఫార్వర్డ్ అనుకుని వదిలేసినం. తార్నాకల బస్సెక్కి ఊరికి చేరేసరికి దండారి వేరే ఊరికి వెళ్ళిపోయింది. పెదనాయన ఒక్కటే అడిగిండు: "హైదరాబాద్‌ల చదువుతున్నరు, మన అక్షరం చదవరాదా?"

చదవరాక కాదు పెదనాయనా, ఫోనుకు రాక. ఆ రోజు ఈ మాట సరిగ్గా చెప్పలేకపోయినం. ఇప్పుడు చెప్తున్నం.

ముందు లిపి సంగతి. ఆదిలాబాద్ జిల్లా నార్నూర్ మండలంలోని గుంజాలలో దొరికిన చేతిరాత ప్రతుల గురించి మనలో చాలామందికి తెలుసు. వాటిని బయటి లోకానికి తెలియజేసిన వాళ్ళలో ఆచార్య జయధీర్ తిరుమలరావు గారు ముఖ్యులు. ఆయన ఒకప్పుడు మన ఓయూ ప్రాంతంలోనే ఉన్న ప్రాచ్య లిఖిత గ్రంథాలయానికి డైరెక్టరు. 2018 జూన్‌లో యూనికోడ్ 11.0లో ఈ లిపికి చోటు దొరికింది. అంటే ప్రతి అక్షరానికీ ప్రపంచమంతా ఒప్పుకున్న ఒక నంబరు వచ్చింది. కానీ నంబరు ఒక్కటే చాలదు. ఆ నంబరుకు అక్షరం బొమ్మ చూపించే ఫాంటు, గుణింతాలను సరిగ్గా కూర్చే ప్రోగ్రాము ఫోనులోనే ఉండాలి. తర్వాతి ఆండ్రాయిడ్ వెర్షన్లలో గుంజాల గోండి ఫాంటు చేరింది. మా ఫోను అంతకుముందు వెర్షన్ దగ్గరే ఆగిపోయింది. అబిడ్స్ జగదీష్ మార్కెట్‌ల ఇద్దరం పైసలు కలిపి కొన్న సెకండ్ హ్యాండ్ ఫోను అది. కంపెనీ అప్‌డేట్లు ఇవ్వడం ఎప్పుడో ఆపేసింది.

తెలుగుకు కూడా ఈ తిప్పలు తప్పలేదు. మొదటి రోజుల ఆండ్రాయిడ్ ఫోన్లలో తెలుగు డబ్బాలుగానే కనబడేది, లేకుంటే ఒత్తులు విడిపోయి కనబడేవి. 2012లో వచ్చిన 4.1 వెర్షన్‌తో తెలుగు అక్షరాలు చూపించే వీలు సిస్టమ్‌లోకి వచ్చింది. మెనూలు, సెట్టింగులు తెలుగులో పెట్టుకునే వీలు 2014లో 5.0తో వచ్చింది. కోట్లమంది మాట్లాడే భాషకే అంత ఆలస్యమైతే మన వంతు ఎప్పుడో ఆలోచించండి.

అక్షరం ఇంకొకరి చేతిలో ఉండటం మనకు కొత్త కాదు. 1943లో హైమన్‌డార్ఫ్ చొరవతో మార్లవాయిలో గోండు టీచర్లకు శిక్షణ మొదలైంది. అప్పుడు గోండి వాచకాలు దేవనాగరి లిపిలో అచ్చయ్యాయి. అది మేలు చేసిన పనే, మన పెద్దలు చదువుకున్నరు. కానీ భాష మనది, అచ్చు సర్కారుది. ఇప్పుడు అచ్చు స్థానంలో ఫోను వచ్చింది, సర్కారు స్థానంలో కంపెనీ వచ్చింది.

ఇక సోర్స్ కోడ్. వండిన జొన్న గట్క తినొచ్చు గానీ దాన్ని చేనులో విత్తలేం. విత్తడానికి గింజ కావాలి. ఫోనులో నడిచే ప్రోగ్రాము వండిన గట్క. మనుషులు రాసిన, మనుషులు చదివి మార్చగలిగే రూపం సోర్స్ కోడ్. అది గింజ.

గింజ ఇవ్వాల్సిందేనని పట్టుబట్టిన మనిషి రిచర్డ్ స్టాల్మన్. అమెరికాలోని ఎంఐటీలో ఆయన పనిచేసే ల్యాబుకు కొత్త ప్రింటర్ వచ్చింది. దాని ప్రోగ్రాము బాగు చేద్దామంటే సోర్స్ ఇవ్వలేదు. 1983లో ఆయన గ్నూ ప్రాజెక్టు ప్రకటించాడు. 1989లో జీపీఎల్ అనే లైసెన్స్ వచ్చింది, 1991లో దాని రెండో వెర్షన్. అందులోని ముఖ్యమైన షరతు ఇదే: ఈ ప్రోగ్రాము తీసుకో, మార్చుకో, అమ్ముకో. కానీ ఎవరికి ఇస్తే వాళ్ళకు సోర్స్ కూడా అందేలా చూడాలి. అదే 1991లో హెల్సింకి యూనివర్సిటీలో చదివే లైనస్ టోర్వాల్డ్స్ లైనక్స్ కర్నల్ బయటపెట్టాడు. అప్పటికి ఆయన వయసు 21, మనకంటే ఒక్క ఏడాది పెద్ద. 1992లో దాన్ని జీపీఎల్ కిందికి తెచ్చాడు.

ఈ షరతు కాగితం మీదనే ఉండిపోలేదు. 2003లో లింక్‌సిస్ అమ్మిన ఒక వైఫై రౌటర్‌లో లైనక్స్ ఉందని హాబీగా పనిచేసేవాళ్ళు కనిపెట్టారు. అడగ్గా అడగ్గా కంపెనీ సోర్స్ ఇచ్చింది. దాని మీద ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ పుట్టింది. 2004లో జర్మనీలో హరాల్డ్ వెల్టె వేసిన కేసులో మ్యూనిక్ కోర్టు ఈ లైసెన్స్ చెల్లుతుందని చెప్పింది.

2008 అక్టోబర్‌లో ఆండ్రాయిడ్ సోర్స్ బయటికి వచ్చింది. లోపలి కర్నల్ లైనక్స్‌దే, కాబట్టి జీపీఎల్ వర్తిస్తుంది. ఫోను అమ్మే ప్రతి కంపెనీ ఆ కర్నల్ సోర్స్ ఇవ్వాల్సిందే. పైన ఉండే భాగం ఎక్కువగా అపాచీ లైసెన్స్‌లో ఉంది, దానికి ఆ బలవంతం లేదు. మరుసటి ఏడాదే స్టీవ్ కాండిక్ సయనోజెన్‌మాడ్ మొదలుపెట్టాడు. కంపెనీ వదిలేసిన ఫోన్లకు కొత్త ఆండ్రాయిడ్ వేసే పని అది. 2016 డిసెంబర్‌లో అది మూతపడితే, సోర్స్ అందరి దగ్గరా ఉంది కాబట్టి అదే పని లీనియేజ్ఓఎస్ పేరుతో సాగింది. కంపెనీ పోయినా గింజ పోలేదు.

మన దగ్గరా ఈ దారిలో నడిచినవాళ్ళున్నరు. 2005లోనే హైదరాబాద్‌లో స్వేచ్ఛ వాళ్ళు తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్ తెచ్చారు. ఎవరి అనుమతీ అడగాల్సిన పని పడలేదు, సోర్స్ ఉంది కాబట్టి.

ఇప్పుడు మా ఫోను సంగతి. దానికి కర్నల్ సోర్స్ విడుదలై ఉంది. ఎక్కడో ఎవరో దాన్ని పట్టుకుని కొత్త ఆండ్రాయిడ్ బిల్డ్ చేసి పెట్టిండ్రు. సెమిస్టర్ సెలవుల్లో హాస్టల్‌లోనే కూర్చుని బూట్‌లోడర్ అన్‌లాక్ చేసినం. ఫోటోలన్నీ ముందే కాపీ తీసుకున్నం, ఎందుకంటే అన్‌లాక్ చేస్తే ఫోను మొత్తం ఖాళీ అయితది. మొదటిసారి సగంలో ఆగిపోయింది, ఆ రాత్రి ఎవరం అన్నం సరిగ్గా తినలే. రెండో రోజు సీనియర్ అన్న వచ్చి కూర్చుంటే లేచింది. వాట్సాప్ పెట్టి, పెదనాయనకు ఫోన్ చేసి అదే మెసేజ్ మళ్ళీ పంపమన్నం. డబ్బాలు లేవు. అక్షరాలున్నయి. దండారి తేదీలు అయిపోయినా మొత్తం చదివినం.

అంతా బాగైందని చెప్పం. కెమెరా ముందున్నంత మంచిగ లేదు, ఎందుకంటే కెమెరాను నడిపే భాగాల సోర్స్ కంపెనీ ఇవ్వలేదు, ఇవ్వాలని లైసెన్స్ కూడా అడగదు. బ్యాంకు ఆప్ ఒకటి "ఈ ఫోనులో నడవను" అంటది. స్కాలర్‌షిప్ పైసలు చూసుకోవడానికి రూములో ఇంకో ఫోను మీద ఆధారపడుతున్నం. సోర్స్ సగం ఇస్తే ఫోను కూడా సగమే మన చేతికి వస్తది.

ఉన్న సగం కూడా ఖాయం కాదు. 2025 జూన్‌లో ఆండ్రాయిడ్ 16 సోర్స్ ఇచ్చినప్పుడు గూగుల్ తన పిక్సెల్ ఫోన్లకు సంబంధించిన డివైస్ ట్రీలను అంతకుముందులా బయట పెట్టలేదు. హాబీ డెవలపర్లకు వాటితోనే పని మొదలవుతది. లైసెన్స్ బలవంతం లేని చోట ఇచ్చింది దయ మాత్రమే, దయ ఎప్పుడైనా ఆగొచ్చు. షరతు ఉన్న చోటే అది హక్కు. చట్టం లేకుండా భూమి మాట ఎట్లుంటదో మన పెద్దలకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

కాబట్టి మన గ్రూపుకు మా మాట: సెకండ్ హ్యాండ్ ఫోను కొనేముందు రెండు చూడండి. ఆ మోడల్‌కు కర్నల్ సోర్స్ విడుదలైందా, బూట్‌లోడర్ అన్‌లాక్ అయితదా. కంప్యూటర్ సైన్స్ చదివే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఎవరన్న ఉంటే బిల్డ్ చేయడం నేర్చుకోండి, మేము కూడా ఇప్పుడే నేర్చుకుంటున్నం. ఇంట్ల ఉన్న ఒక్క ఫోను మీద మాత్రం ప్రయోగం చేయకండి. మూలకు పడేసిన పాత ఫోన్లుంటే హాస్టల్‌కు పట్టుకు రండి, ఆదివారం మధ్యాహ్నం రూములోనే ఉంటం.

ఈ దీపావళికి పెదనాయన మెసేజ్ పెట్టకముందే మేమే గుంజాల లిపిలో అడుగుతం: దండారి ఎప్పుడు బయల్దేరుతుంది అని.