పడక దిగని దొర, పని చేతకాని వారసుడు

ఇవాన్ గొంచరోవ్ 1859లో వెలువరించిన ‘ఒబ్లోమొవ్’ నవలలో కథానాయకుడు మొదటి భాగమంతా దాదాపు పడక మీదే ఉంటాడు. కాళ్లు కిందికి జారిస్తే చాలు, చూడనక్కర్లేకుండానే చెప్పుల్లో దూరతాయి. ఆ సుఖం ఊరికే రాలేదు. ఎక్కడో పల్లెలో అతని పేరిట మూడు వందలకు పైగా బానిస రైతులున్నారు. ఇంట్లో గొణుక్కుంటూనే బూట్లు తొడిగే నౌకరు జఖార్ ఉన్నాడు. ఈ బద్ధకానికి వేరు ఆ దాస్య వ్యవస్థలోనే ఉందని విమర్శకుడు దొబ్రొల్యూబొవ్ అదే ఏడాది వాదించాడు. 1861లో ఆ వ్యవస్థ రద్దయింది. దొబ్రొల్యూబొవ్ తీర్పు కాస్త మోటుదే. ఒబ్లోమొవ్ మంచితనాన్ని అది లెక్కచేయదు. అయినా తరవాతి రూపాంతరాలను తూచడానికి అంతకన్నా మంచి తూనికరాయి లేదు. 1964లో లండన్ రంగస్థలం మీద హాస్యనటుడు స్పైక్ మిల్లిగన్, రాసి ఇచ్చిన సంభాషణలు పక్కన పెట్టి, అప్పటికప్పుడు పుట్టించిన హాస్యంతో నాటకాన్నే మార్చేశాడు. నికితా మిఖల్కోవ్ 1979-80 నాటి సినిమా తల్లి, బాల్యం, పచ్చిక బయళ్ల మీద మనసు పెట్టింది. ఒబ్లోమొవ్‌గా ఒలేగ్ తబకోవ్ నటన ఎంత బాగున్నా, ఆ బయళ్లలో చెమటోడ్చినవాళ్లు మసకబారిపోయారు.

బద్ధకానికీ ఆస్తికీ ఉన్న ఈ ముడి గురించిన ప్రశ్నను తెలుగులో ముందుకు తీసుకెళ్లినది త్రిపురనేని గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’ (1947). అది ఒబ్లోమొవ్‌కు అనుసరణ కాదు, ప్రభావం ఉందనీ నేననను. అది మనోవిశ్లేషణాత్మక నవల కదా, అందులో ఆస్తి ప్రసక్తి ఎందుకని అడగొచ్చు. కానీ కథానాయకుడు సీతారామారావు మనసును మలిచింది ఆస్తీ, వంశప్రతిష్ఠా కాదా? పేరు నిలబెట్టుకోవడానికి ఉన్నదంతా కరగదీసిన మనిషికి, ఆ తరవాత ఏ పనీ కుదరదు. ఒబ్లోమొవ్‌ను చివరిదాకా అతన్ని పెళ్లాడిన అగాఫ్యా వంటిల్లు కాపాడింది. అతని కోసం ఆమె తన ముత్యాలు తాకట్టు పెట్టింది. గోపీచంద్ ఆ ఆసరా తీసేశాడు. ఇంట్లో భార్య ఇందిర పడేది పడింది, అతని యాత్ర శ్మశానంలో ముగిసింది. గొంచరోవ్ కరుణతో దాటేసిన చోట గోపీచంద్ ఆగి చూశాడని నా అభిప్రాయం.

అయితే పని చేయనివారంతా ఒబ్లోమొవ్‌లేనా? మార్కాపురం, గిద్దలూరు వైపు వాన ముఖం చాటేసిన ఏడాది అరుగు మీద కూర్చున్నవాడిని చూసి సోమరి అనడం తేలిక. రాసుకునే రాతి పలకలకు గిరాకీ పడిపోయిన మార్కాపురం నుంచీ, చుట్టుపక్కల మెట్ట పల్లెల నుంచీ జనం హైదరాబాదుకో బెంగళూరుకో బేల్దారి పనులకు వలసపోతారు. పోలేనివాళ్లే ఆ అరుగుల మీద మిగులుతారు. వాళ్ల తీరిక వెనక జఖార్ చాకిరీ లేదు. 1996లో శంకుస్థాపన జరిగిన వెలిగొండ ప్రాజెక్టు నీళ్లు దశాబ్దాల పాటు పొలాలకు చేరకపోవడం ఉంది.