మాంద్యంలో దివాలా రంగం: మునిగిన కంపెనీ వేరు, మునిగినవాటిని చక్కదిద్దే సంస్థ వేరు

"ఫలానా షావుకారు ఐపీ పెట్టాడు" అనే మాట మన పెద్దవాళ్ల నోట వినే ఉంటారు. ఐపీ అంటే ఇన్‌సాల్వెన్సీ పిటిషన్. బాకీలు తీర్చలేనని కోర్టులో చెప్పుకుని చేతులెత్తేయడం. మన కుటుంబాలు ఊళ్లు దాటి, రాష్ట్రాలు దాటి తరాలు గడిచినా ఈ మాట ఇంకా ఇళ్లలో మిగిలే ఉంది. ఇప్పటి చట్టంలో అవే రెండక్షరాలకు మరో అర్థం వచ్చింది. ఐపీ అంటే ఇన్‌సాల్వెన్సీ ప్రొఫెషనల్. మునిగిన కంపెనీ నిర్వహణను చేతిలోకి తీసుకుని, బాకీల లెక్క తేల్చి, కొనేవారిని వెతికిపెట్టే నిపుణుడన్న మాట. మొదటి ఐపీ డబ్బు పోగొట్టేవాడు, రెండో ఐపీ ఫీజు తీసుకునేవాడు.

వ్యాపారాలు మందగించినప్పుడల్లా "ఇప్పుడు దివాలా రంగంలో పెట్టుబడి పెడితే లాభం" అనే మాట వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంది. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. కానీ అది విని చాలామంది కొనేది ఫీజు సంపాదించే సంస్థ షేరు కాదు, రెండు మూడు రూపాయలకు పడిపోయిన దివాలా కంపెనీ షేరు. ఈ రెండింటి మధ్య తేడా ఏమిటో, మన ఇంటి డబ్బు దేనిలో పెడితే ఏమవుతుందో ఇక్కడ వివరిస్తున్నాము. ఇది ఏ షేరునూ కొనమనే సిఫారసు కాదు.

ఈ రంగంలో ఎవరెవరు ఉంటారు?

ఒక కంపెనీ దివాలా తీసినప్పుడు దాని చుట్టూ నాలుగు రకాల వాళ్లు చేరతారు.

మొదటివారు ఫీజు మీద పనిచేసేవారు. దివాలా నిపుణులు, లాయర్లు, విలువ కట్టేవారు, పునర్వ్యవస్థీకరణ సలహాదారులు ఈ కోవలోకి వస్తారు. కంపెనీ బతికినా మూతపడినా వీరి ఖర్చు అందరికంటే ముందు చెల్లించాల్సిందే.

రెండోవారు మొండి బాకీలు కొనేవారు. బ్యాంకు నుంచి బాకీని తక్కువ ధరకు కొని, అంతకంటే ఎక్కువ రాబట్టుకోవాలని చూస్తారు. మన దేశంలో 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద ఏర్పడిన ఆస్తుల పునర్నిర్మాణ కంపెనీలు, అంటే ఏఆర్‌సీలు, చేసేది ఇదే.

మూడోవారు మునిగిన కంపెనీని కొనుక్కునే బలమైన కంపెనీలు. ఒడిశాలో అంగుల్ దగ్గర ప్లాంటు ఉన్న భూషణ్ స్టీల్‌ను 2018 మే నెలలో టాటా స్టీల్ ఇలాగే చేజిక్కించుకుంది. ఎస్సార్ స్టీల్‌ను 2019 డిసెంబరులో ఆర్సెలర్ మిట్టల్, జపాన్‌కు చెందిన నిప్పన్ స్టీల్‌తో కలిసి తీసుకుంది.

నాలుగోది మునిగిన కంపెనీయే. దాని పాత షేర్లు చేతిలో పెట్టుకుని ఎదురుచూసే చిన్న మదుపరులు ఈ వరుసలో చిట్టచివర ఉంటారు.

మాంద్యం రాగానే వీరికి పని పెరుగుతుందా?

పెరుగుతుంది. కాకపోతే అనుకున్న వెంటనే కాదు. వ్యాపారం దెబ్బతిన్న కంపెనీ ముందు ఉన్న నిల్వలతో, కొత్త అప్పులతో, బ్యాంకు ఇచ్చే గడువుతో కొంతకాలం లాక్కొస్తుంది. అందుకే దివాలా కేసులు మాంద్యం తర్వాత కొన్నాళ్లకు గానీ ఊపందుకోవు.

పైగా ప్రభుత్వాలు మధ్యలో అడ్డుపడవచ్చు. కరోనా కాలమే దానికి నిదర్శనం. కేసు వేయడానికి ఉండాల్సిన కనీస బాకీని 2020 మార్చి 24న కేంద్రం లక్ష రూపాయల నుంచి కోటి రూపాయలకు పెంచింది. 2020 మార్చి 25 నుంచి ఏడాది పాటు తలెత్తిన ఎగవేతల మీద దివాలా కేసు వేయకుండా చట్టాన్నే సవరించింది. కంపెనీలు ఎక్కువగా చితికిన ఏడాదిలోనే దివాలా నిపుణులకు కొత్త పని తగ్గింది. బ్రిటన్‌లోనూ ప్రభుత్వ సాయం వల్ల 2020, 2021 సంవత్సరాల్లో కేసులు బాగా తగ్గాయి. ఆ సాయం ఆగాక 2023లో ఇంగ్లండ్, వేల్స్‌లలో 25 వేలకు పైగా కంపెనీలు దివాలా తీశాయి. 1993 తర్వాత ఏ ఏడాదీ అన్ని కేసులు రాలేదు.

కాబట్టి మాంద్యం వార్త చూసి షేరు కొన్నవాడు రెండు మూడేళ్లు ఓపిక పట్టాల్సి రావచ్చు. ఈలోగా ఆ ఆశంతా షేరు ధరలో ముందే చేరిపోయి ఉండవచ్చు.

ఫీజు సంపాదించే సంస్థలు ఎక్కడ ఉన్నాయి?

స్టాక్ మార్కెట్లో నేరుగా కొనగలిగేవి ఎక్కువగా విదేశాల్లోనే ఉన్నాయి. లండన్ ఎయిమ్ మార్కెట్లోకి బెగ్బీస్ ట్రెయినర్ 2004లో వచ్చింది. ఎఫ్‌ఆర్‌పీ అడ్వైజరీ 2020 మార్చిలో అదే మార్కెట్లోకి వచ్చింది. అమెరికాలో ఎఫ్‌టీఐ కన్సల్టింగ్, హూలిహాన్ లోకీ వంటివి ఉన్నాయి. అయితే వీటిలో ఏదీ దివాలా పని ఒక్కదాని మీదే బతకడం లేదు. హూలిహాన్ లోకీకి కంపెనీల కొనుగోళ్లు, విలీనాల సలహా పెద్ద వ్యాపారం. మంచి రోజుల్లో అది పెరుగుతుంది, చెడ్డ రోజుల్లో పునర్వ్యవస్థీకరణ పని పెరుగుతుంది. రెండు కాళ్ల మీద నిలబడే సంస్థ పడిపోదు గానీ, మాంద్యంలో అమాంతం ఎగిరిపోనూ పోదు.

ఆ షేర్లను మన దేశం నుంచి కొనాలంటే రిజర్వు బ్యాంకు ఉదార చెల్లింపుల పథకం కింద ఒక మనిషి ఏడాదికి 2.5 లక్షల డాలర్ల దాకా పంపవచ్చు. పెట్టుబడి కోసం పంపే మొత్తం ఏడాదిలో 10 లక్షల రూపాయలు దాటితే, దాటిన భాగం మీద 20 శాతం పన్ను ముందే వసూలు చేస్తారు. రిటర్నులో దాన్ని సర్దుబాటు చేసుకోవచ్చు. మారకపు ధర, బ్రోకరు ఖర్చులు దీనికి అదనం.

మన దేశంలో 4 వేలకు పైగా దివాలా నిపుణులు రిజిస్టర్ అయి ఉన్నారు. వారిలో చాలామంది సొంతంగానో, భాగస్వామ్య సంస్థల్లోనో పనిచేస్తారు. డెలాయిట్, ఈవై, కేపీఎంజీ వంటి పెద్ద సంస్థలకు ఈ విభాగాలు ఉన్నా వాటి షేర్లు మార్కెట్లో దొరకవు. ఏఆర్‌సీల విషయానికొస్తే, ఎడెల్‌వైస్ ఫైనాన్షియల్ సర్వీసెస్, జేఎం ఫైనాన్షియల్ వంటి లిస్టెడ్ కంపెనీల కింద ఏఆర్‌సీలు ఉన్నాయి. ఆ షేరు కొంటే ఏఆర్‌సీ ఒక్కటే కాదు, ఆ గ్రూపులోని రుణాలు, ఇతర వ్యాపారాలు కూడా కలిపి కొన్నట్టే. నియంత్రణ రిస్కు కూడా ఉంటుంది. ఎడెల్‌వైస్ ఏఆర్‌సీ మీద రిజర్వు బ్యాంకు 2024 మేలో ఆంక్షలు పెట్టి, అదే ఏడాది డిసెంబరులో ఎత్తివేసింది.

ఇక మొండి ఆస్తుల కోసమే సెబీ 2022 జనవరిలో ప్రత్యేక పరిస్థితుల ఫండ్లకు అనుమతి ఇచ్చింది. వాటిలో కనీస పెట్టుబడి 10 కోట్ల రూపాయలు, గుర్తింపు పొందిన మదుపరులకైతే 5 కోట్లు. మామూలు ఇంటికి ఆ తలుపు మూసి ఉన్నట్టే. ఎవరైనా 50 వేలతో "డిస్ట్రెస్డ్ ఫండ్"లో చేర్చుకుంటామని వస్తే అక్కడే అనుమానించండి.

దివాలా కంపెనీ షేరు ఎందుకు ఉచ్చు అవుతుంది?

కంపెనీని అమ్మేసి డబ్బు పంచాల్సి వస్తే ఎవరికి ముందో 2016 దివాలా చట్టం 53వ సెక్షన్ చెబుతుంది. మొదట దివాలా ప్రక్రియ ఖర్చులు. తర్వాత కార్మికుల 24 నెలల బకాయిలు, తాకట్టు ఉన్న బ్యాంకుల బాకీలు సమానంగా. తర్వాత ఇతర ఉద్యోగుల 12 నెలల జీతాలు. ఆ తర్వాత తాకట్టు లేని అప్పులు, ప్రభుత్వ బకాయిలు, మిగిలిన బాకీలు, ప్రిఫరెన్స్ షేర్లు. అన్నీ తీరాక ఏమైనా మిగిలితే మామూలు షేరుదారుకు. బ్యాంకుల వంటి అప్పిచ్చినవారికే ఇన్నేళ్లలో సగటున వచ్చింది ఒప్పుకున్న బాకీల్లో దాదాపు మూడో వంతు. వారికే పూర్తిగా రానప్పుడు వారి వెనక నిలబడ్డ షేరుదారుకు ఏం మిగులుతుంది?

కొన్ని ఉదాహరణలు చూడండి.

డీహెచ్‌ఎఫ్‌ఎల్: 2019 నవంబరులో రిజర్వు బ్యాంకు దీని బోర్డును తప్పించి దివాలా ప్రక్రియకు పంపింది. 2021లో పిరమల్ గ్రూపు ప్రణాళికకు ఆమోదం రాగానే పాత షేర్ల విలువ సున్నా అయింది, షేరు మార్కెట్ నుంచి వెళ్లిపోయింది. అంతకుముందు దాకా దాన్ని కొంటూనే ఉన్నవారు ఉన్నారు.

జెట్ ఎయిర్‌వేస్: 2019 ఏప్రిల్ 17న విమానాలు ఆగాయి. 2021 జూన్‌లో ఒక ప్రణాళికకు ఆమోదం దొరికింది. అది అమలు కాలేదు. 2024 నవంబరు 7న సుప్రీంకోర్టు ఆస్తులు అమ్మేయమని ఆదేశించింది. ఐదేళ్లకు పైగా "మళ్లీ ఎగురుతుంది" అనే ఆశ మీదే ఆ షేరు చేతులు మారింది.

ల్యాంకో ఇన్‌ఫ్రాటెక్: మన తెలుగువాళ్లు ఎక్కువగా కొన్న షేర్లలో హైదరాబాద్ కేంద్రంగా ఉన్న ఈ కంపెనీది ఒకటి. 2017 జూన్‌లో రిజర్వు బ్యాంకు దివాలాకు పంపమన్న తొలి 12 పెద్ద ఖాతాల్లో ఇదీ ఉంది. సరైన కొనుగోలుదారు కుదరక 2018 ఆగస్టులో లిక్విడేషన్‌కు వెళ్లింది.

రుచి సోయా: షేర్లు కొనమనేవారు చూపేది ఎప్పుడూ ఈ ఒక్క కథే. 2019 డిసెంబరులో పతంజలి దీన్ని తీసుకుంది, తర్వాత షేరు ధర చుక్కలు తాకింది. చెప్పని సంగతి ఏమిటంటే, పాత షేర్లను 100కు ఒకటిగా కుదించారు. 1,000 షేర్లున్న ఇంటికి 10 మిగిలాయి. ఆ సమయంలో జనం చేతిలో ఉన్న వాటా దాదాపు ఒక శాతమే కాబట్టి కొద్దిపాటి కొనుగోళ్లకే ధర ఎగసిపోయింది. చెరువులో ఒక చేప దొరికిందని ఎండిన బావిలో వల వేయడం తెలివి కాదు.

డబ్బు ఇప్పటికే ఇరుక్కుంటే

షేరుదారుకు క్లెయిము వేసే హక్కు లేదు. కానీ డిపాజిట్ వేసినవారికి, బాండ్లు కొన్నవారికి, కట్టని ఫ్లాటుకు డబ్బు కట్టినవారికి ఉంది. ఇళ్లు కొన్నవారిని ఆర్థిక రుణదాతలుగా 2018 సవరణ గుర్తించింది. బ్యాంకు డిపాజిట్‌కు ఉండే 5 లక్షల బీమా బ్యాంకేతర ఫైనాన్స్ కంపెనీల డిపాజిట్లకు వర్తించదని కూడా గుర్తుంచుకోండి.

మన ఇళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. కంపెనీ దివాలా ప్రకటనను దాని రిజిస్టర్డ్ ఆఫీసు ఉన్న చోట ఒక ఇంగ్లిష్ పత్రికలో, ఒక ప్రాంతీయ భాషా పత్రికలో వేస్తారు. ముంబై కంపెనీ అయితే మరాఠీ, చెన్నై కంపెనీ అయితే తమిళం, భువనేశ్వర్ కంపెనీ అయితే ఒడియా. బరంపురంలోనో, హోసూరులోనో, సోలాపూర్‌లోనో కూర్చుని తెలుగు పేపరు మాత్రమే చదివే పెద్దవారి కంట అది పడకపోవచ్చు. నిపుణుడి నియామకం జరిగిన రోజు నుంచి 14 రోజుల గడువే ప్రకటనలో ఉంటుంది. దాటినా కొంతకాలం క్లెయిము తీసుకుంటారు గానీ, ఆలస్యానికి కారణం చెప్పుకోవాలి.

అందుకే పత్రికను నమ్ముకోకండి. దివాలా బోర్డు, అంటే ఐబీబీఐ, వెబ్‌సైట్‌లో ప్రతి ప్రకటనా ఉంటుంది. కంపెనీ పేరుతో వెతకవచ్చు. డిపాజిటర్లు, ఇళ్లు కొన్నవారి వంటి గుంపు ఉంటే, వారి తరఫున ఓటు వేసే ప్రతినిధిగా ముగ్గురి పేర్లు ప్రకటనలోనే ఇస్తారు. క్లెయిము ఫారంలో ఒకరిని ఎంచుకోవచ్చు.

కేసు ఎక్కడ నడుస్తుందనేది మీ ఊరిని బట్టి కాదు, కంపెనీ రిజిస్టర్డ్ ఆఫీసును బట్టి. కర్ణాటక కంపెనీలకు బెంగళూరు ట్రిబ్యునల్, ఒడిశా కంపెనీలకు కటక్, మహారాష్ట్ర కంపెనీలకు ముంబై, తమిళనాడు, పుదుచ్చేరి కంపెనీలకు చెన్నై. యానాం చుట్టూ ఆంధ్రప్రదేశే ఉన్నా, యానాంలో రిజిస్టర్ అయిన కంపెనీ కేసు అమరావతికి కాదు, చెన్నైకి వెళుతుంది.

కొనేముందు అడగాల్సిన ప్రశ్నలు

1. ఈ సంస్థ ఫీజు తీసుకునేదా, బాకీ కొనేదా, కంపెనీని కొనుక్కునేదా, లేక మునిగినదా? మునిగినదైతే అక్కడే ఆగండి.
2. దాని ఆదాయంలో దివాలా పని వాటా ఎంత? వార్షిక నివేదికలో విభాగాల వారీగా ఉంటుంది.
3. ఎక్స్‌చేంజ్ వెబ్‌సైట్‌లో ఆ షేరు మీద దివాలా ప్రక్రియ హెచ్చరిక, అదనపు నిఘా గుర్తు ఉన్నాయా?
4. పునరుద్ధరణ ప్రణాళికలో పాత షేర్ల గురించి ఏం రాశారు? "కుదింపు", "రద్దు" అనే మాటలు కనిపిస్తే మీ షేరు గతి అదే.
5. సలహా ఇచ్చినవారికి సెబీ రిజిస్ట్రేషన్ ఉందా?
6. రెండు మూడేళ్లు ఈ డబ్బు ముట్టుకోకుండా ఇల్లు గడుస్తుందా?

ఇతరుల కష్టకాలంలో సంపాదించేవారు ఉంటారు. వారు సంపాదించేది ఫీజుతోనో, కోట్ల పెట్టుబడితోనో, ట్రిబ్యునల్ గుమ్మం దగ్గర ఏళ్ల తరబడి కాచుకునే ఓపికతోనో. మూడు రూపాయల షేరు కొంటే ఆ మూడింటిలో ఒక్కటీ మన చేతికి రాదు. పిల్లల చదువుకో, ఇంటి స్థలానికో దాచిన డబ్బుతో ఆ షేరు కొనబోయే ముందు "ఎవడో ఐపీ పెడితే మనకేం వస్తుంది?" అని పాత పెద్దమనిషిలా ఒకసారి అడగండి. జవాబు చాలాసార్లు ఆ ప్రశ్నలోనే ఉంటుంది.