సోషల్ మీడియా నియంత్రణ: సీపీఎం వైఖరికి ప్రతిపదార్థం

సోషల్ మీడియాను ప్రభుత్వం అదుపు చేయాలా వద్దా అని మన పార్టీల్లో దేన్ని అడిగినా, ఆ రోజు ఏ వైపు కూర్చుందో దాన్ని బట్టి జవాబు మారుతుంది. ప్రతిపక్షంలో ఉన్నప్పుడు భావప్రకటన స్వేచ్ఛ గుర్తుకొస్తుంది, గద్దెనెక్కాక శాంతిభద్రతలు గుర్తుకొస్తాయి. అందుకే పార్టీల వైఖరి తెలియాలంటే ప్రసంగాలు పక్కనపెట్టి, అవి రాసిన చట్టాల్లోని, ఎదిరించిన చట్టాల్లోని పదాలను ఒక్కొక్కటే చదవాలి. ఇక్కడ సీపీఎంను తీసుకోవడానికి కారణం ఉంది. ఇంటర్నెట్ నియమాలను రద్దు చేయాలని 2012లో రాజ్యసభలో తీర్మానం పెట్టింది ఆ పార్టీ సభ్యుడే. ఎనిమిదేళ్లకు కేరళలో అంతకన్నా కఠినమైన నిబంధన తెచ్చి, రోజుల్లోనే వెనక్కి తీసుకున్నదీ ఆ పార్టీ నడిపిన ప్రభుత్వమే.

మధ్యవర్తి

2000 నాటి సమాచార సాంకేతిక చట్టం ఫేస్‌బుక్, యూట్యూబ్, వాట్సాప్ లాంటి వేదికలకు పెట్టిన పేరు ఇది. జనం రాసుకున్నదానికి వేదికను బాధ్యుణ్ణి చేయకూడదని సెక్షన్ 79 చెబుతుంది. అయితే ఆ రక్షణకు షరతులున్నాయి. అసలు కీలకమంతా ఆ షరతుల్లోనే ఉంది. పోస్టు పెట్టిన మనిషి మీద కేసు నడపాలంటే సాక్ష్యం కావాలి, కోర్టు కావాలి. షరతు ఉల్లంఘించావంటూ కంపెనీని బెదిరించడానికి ఇవేవీ అక్కర్లేదు, కంపెనీయే పోస్టు పీకేస్తుంది. తన మాట ఎందుకు మాయమైందో రాసినవాడికి తెలియను కూడా తెలియదు.

ముప్పై ఆరు గంటలు

ఆ షరతులను వివరిస్తూ 2011 ఏప్రిల్‌లో కేంద్రం తెచ్చిన నియమాల్లోని గడువు ఇది. బాధితుణ్ణని చెప్పుకొని ఎవరైనా రాతపూర్వకంగా ఫిర్యాదు చేస్తే, వేదిక 36 గంటల్లో కదలాల్సి ఉండేది. అది నిజంగా తప్పుడు రాతేనా అని తేల్చే న్యాయమూర్తి మధ్యలో ఎక్కడా లేడు. ‘కించపరిచేది’, ‘తీవ్రంగా హానికరమైనది’ లాంటి మాటలతో ఒక జాబితా మాత్రం ఉండేది. కేరళ నుంచి వచ్చిన సీపీఎం సభ్యుడు పి.రాజీవ్ ఈ నియమాలను రద్దు చేయాలని తీర్మానం పెట్టారు. 2012 మే 17న రాజ్యసభలో చర్చ జరిగింది. అప్పటి ప్రతిపక్ష నాయకుడు అరుణ్ జైట్లీ కూడా నియమాలను తప్పుపట్టారు. అందరితో సంప్రదిస్తామని మంత్రి కపిల్ సిబల్ హామీ ఇచ్చారు. తీర్మానం మూజువాణి ఓటుతో వీగిపోయింది. ఓడినా ఆ తీర్మానం విలువైనది. పార్లమెంటు ముందుకు చర్చే లేకుండా వచ్చిపోయే నియమాలను ఒక సభ్యుడు పట్టుబట్టి సభలో చదివించాడు. ఆ రోజున పార్టీ వైఖరి స్పష్టం: అస్పష్టమైన మాటలతో జనం నోరు కట్టకూడదు.

చిరాకు, అసౌకర్యం

సమాచార సాంకేతిక చట్టానికే 2008లో చేర్చిన సెక్షన్ 66ఏలోని మాటలివి. ఎదుటివాడికి చిరాకు కలిగించే సందేశం పంపితే మూడేళ్ల దాకా జైలు. చిరాకు ఎవరికి కలగాలి, ఎంత కలగాలి అన్నది చట్టంలో లేదు, పోలీసు స్టేషన్‌లో తేలేది. 2012లో కార్టూన్ ఈమెయిల్ చేసినందుకు కోల్‌కతాలో ఒక ప్రొఫెసర్‌ను పట్టుకెళ్లారు. అదే ఏడాది బాల్ ఠాక్రే మరణం తర్వాత ముంబయి బంద్ గురించి ఫేస్‌బుక్‌లో రాసిన అమ్మాయినీ, దాన్ని లైక్ చేసిన ఆమె స్నేహితురాలినీ పాల్ఘర్‌లో అరెస్టు చేశారు.

2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌ను కొట్టేసింది. తీర్పిచ్చిన ఇద్దరిలో ఒకరు మన కృష్ణా జిల్లాకు చెందిన జస్టిస్ జాస్తి చలమేశ్వర్, మరొకరు జస్టిస్ రోహింటన్ నారిమన్. తీర్పును సీపీఎం స్వాగతించింది. అదే తీర్పు కేరళ పోలీసు చట్టంలోని 118(డి)ని కూడా కొట్టేసింది. అందులోనూ చిరాకు మాటే ఉంది. ఆ చట్టం వచ్చింది సీపీఎం నాయకత్వంలోని ఎల్డీఎఫ్ కూటమి హయాంలో. పార్టీ అప్పుడే ఆగి ఆలోచించుకోవాల్సిన విషయమిది.

ఉసిగొల్పడం

ఆ తీర్పులో గుండెకాయ లాంటి భాగం ఇదే. మాటను కోర్టు మూడు మెట్లుగా విడదీసింది: చర్చించడం, సమర్థించడం, ఉసిగొల్పడం. చర్చ ఎంత ఇబ్బందికరమైనా, సమర్థన ఎంత నచ్చకపోయినా చట్టం తాకకూడదు. మూడో మెట్టు ఎక్కినప్పుడే ప్రభుత్వానికి పని. ఏ పార్టీ తెచ్చే ఏ నిబంధననైనా కొలవడానికి ఇంతకన్నా మంచి కొలబద్ద మనకు లేదు.

అవమానకరం

2020 నవంబరులో కేరళ ఆర్డినెన్సు పోలీసు చట్టానికి 118ఏ చేర్చింది. బెదిరించే, దూషించే, అవమానించే, పరువు తీసే సమాచారం ఏ మాధ్యమంలో వచ్చినా మూడేళ్ల దాకా జైలు, లేదా 10,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. దీని వెనక నిజమైన బాధ ఉందని ఒప్పుకోవాలి. యూట్యూబ్‌లో ఆడవాళ్లను నీచంగా దూషించిన ఒకతన్ని ఆ సెప్టెంబరులో తిరువనంతపురంలో కొందరు మహిళలే వెళ్లి నిలదీశారు. ఫిర్యాదు చేసినా పోలీసులు కదలరన్న కోపం వారిది. ఆ కోపం న్యాయమైనది.

కానీ మందు రోగానికి సరిపోలేదు. ఆన్‌లైన్‌లో ఆడవాళ్లపై దాడి ఆపడానికని చెప్పిన నిబంధనలో ‘ఆడవాళ్లు’ అన్న మాట లేదు, ‘ఆన్‌లైన్’ అన్న మాట లేదు. ‘ఏ మాధ్యమమైనా’ అనడంతో పత్రికలూ, చానళ్లూ దాని కిందికి వచ్చాయి. ఎవరూ ఫిర్యాదు చేయకుండానే పోలీసులు కేసు పెట్టగల వీలుండేది. మంత్రిని విమర్శించిన వ్యాసం అవమానకరమని ఒక ఎస్సైకి తోస్తే చాలు. వెంటాడి వేధించడం, అశ్లీలాన్ని ప్రచారం చేయడం మీద నిర్దిష్టమైన సెక్షన్లు అప్పటికే ఉన్నాయి. పోలీసులకు వాటిని వాడటం నేర్పితే సరిపోయేది.

ఉపసంహరణ

నవంబరు 21న ఆ ఆర్డినెన్సుపై గవర్నరు సంతకం చేశారు. 23న దీన్ని అమలు చేయబోమని ముఖ్యమంత్రి పినరయి విజయన్ ప్రకటించారు. మిత్రపక్షం సీపీఐ నుంచీ అభ్యంతరాలు వచ్చాయి. హైదరాబాద్‌లో చదువుకున్న తెలుగువాడు, అప్పటి సీపీఎం ప్రధాన కార్యదర్శి సీతారాం ఏచూరి ఆర్డినెన్సును పునఃపరిశీలిస్తామని చెప్పారు. రోజుల్లోనే దాన్ని రద్దు చేశారు. విమర్శ విని వెనక్కి తగ్గడం మెచ్చుకోదగ్గదే, చాలా ప్రభుత్వాలకు ఆ గుణం లేదు. అయితే 2012లో రాజ్యసభలో చెప్పిన సూత్రం 2020లో కేరళ మంత్రివర్గ సమావేశంలో ఎవరికీ ఎందుకు గుర్తురాలేదన్న ప్రశ్న మిగిలే ఉంది.

తప్పుదోవ పట్టించేది

2023 ఏప్రిల్‌లో కేంద్రం తన వ్యవహారాల గురించిన వార్త నకిలీదో, అబద్ధమో, తప్పుదోవ పట్టించేదో తానే తేల్చే ఫ్యాక్ట్‌చెక్ యూనిట్‌కు నియమాల్లో చోటిచ్చింది. సీపీఎం దీన్ని వ్యతిరేకించింది. ఫిర్యాదుదారూ, న్యాయమూర్తీ ఒకరే అయిన ఏర్పాటు ఇది. 2024 సెప్టెంబరు 20న బొంబాయి హైకోర్టు దీన్ని కొట్టేసింది. ఇక్కడ సీపీఎం వాదన సరైనదే. ఆ వాదన 118ఏకీ అక్షరం పొల్లుపోకుండా వర్తిస్తుంది.

నియంత్రణ

ఈ మాటకు రెండు అర్థాలున్నాయి. కంపెనీని అదుపులో పెట్టడం ఒకటి: ఫిర్యాదు వినే అధికారి ఉండాలి, వేధింపుకు గురైన మహిళకు వెంటనే స్పందన అందాలి, పోస్టు తీసేస్తే కారణం చెప్పాలి, ఏ ప్రభుత్వం ఎన్ని తీయించిందో జనానికి తెలియాలి. మాట్లాడేవాణ్ణి అదుపులో పెట్టడం రెండోది. మొదటిది అడిగే హక్కు ప్రజలకుంది. ఆ పేరుతో రెండోదాన్ని తేవడమే అన్ని పార్టీల అలవాటు.

తెలుగు రాష్ట్రాల్లోనూ అధికార పార్టీలు మారాయి గానీ పోస్టు పెట్టినందుకు అర్ధరాత్రి తలుపు తట్టడం మారలేదు. 66ఏను కొట్టేసిన ఆరేళ్ల తర్వాత కూడా దేశంలో ఆ సెక్షన్ కింద కేసులు పెడుతున్నారని తెలిసి 2021లో సుప్రీంకోర్టే విస్తుపోయింది. సోషల్ మీడియా జవాబుదారీపై ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025లో మంత్రుల బృందాన్ని వేసింది. రేపు ముసాయిదా ఏదైనా బయటికొస్తే పాఠకులు చేయాల్సిన పని ఒకటే. దాన్ని తెచ్చిన పార్టీ మీకు ఇష్టమైనదే అయినా, చిరాకు, అవమానం, తప్పుదోవ లాంటి మాటలు అందులో ఎక్కడున్నాయో వెతకండి. మీకు గిట్టని పార్టీ పోలీసు చేతికి ఆ మాటలు దొరికితే ఏమవుతుందో ఆలోచించండి. ఆ ఆలోచనకు నిలిచే చట్టాన్ని సమర్థించండి, నిలవనిదాన్ని ఎవరు తెచ్చినా ఎదిరించండి.