ఎండకాలంలో ఇంట్లో కుక్క సంరక్షణ: జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి

పెంచుకునే కుక్కకు ఎండకాలంలో ఇంటి లోపల చల్లటి చోటు, ఆడే గాలి, తాగే నీళ్లు ఉండేటట్టు చూసి వడదెబ్బ నుంచి కాపాడుకోవడం ఈ వ్యాస విషయం. 2016 అక్టోబరు 11న ఏర్పడిన జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాల్లో ఈ పని మార్చి నెలాఖరున మొదలై తొలకరి పడేదాకా సాగుతుంది. మే నెలలో ఇక్కడ పగటి వేడి 42, 43 డిగ్రీల సెల్సియస్ ఉండటం మామూలు. కొన్ని రోజులు 45ను తాకుతుంది. రోళ్లు పగిలే కార్తెగా పేరుపడ్డ రోహిణి మే 25 ప్రాంతంలో వచ్చి జూన్ మొదటి వారం దాకా ఉంటుంది. వడగాడ్పులను తెలంగాణ ప్రభుత్వం 2025లో రాష్ట్ర విపత్తుగా ప్రకటించి, వడదెబ్బతో చనిపోయిన మనిషి కుటుంబానికి 4 లక్షల రూపాయల పరిహారం నిర్ణయించింది. కుక్కకు అలాంటి లెక్క ఏదీ లేదు. దాని బాగోగులు పూర్తిగా ఇంటివాళ్ల చేతిలోనే ఉన్నాయి.

కుక్కకు వడదెబ్బ ఎండలోనే తగులుతుందని, నీడన కట్టేస్తే చాలని చాలా ఇళ్లలో నమ్మకం. అది సగమే నిజం. గాలి ఆడని గదిలో, కాలిన స్లాబు కింద మధ్యాహ్నమంతా గడిపిన కుక్క ఒంటి మీద ఎండ పొడ పడకుండానే చనిపోగలదు. నీడతో పాటు గాలి ఉండాలి, ఆ గాలి మరీ తేమగా ఉండకూడదు.

వగర్చడం

ఆరోగ్యంగా ఉన్న కుక్క ఒంటి వేడి 38.3 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్ మధ్య, అంటే ఫారన్‌హీట్‌లో 101 నుంచి 102.5 దాకా ఉంటుంది. మనిషికి ఒళ్లంతా చెమట పడుతుంది. కుక్కకు చెమట గ్రంథులు పాదాల మెత్తల్లో తప్ప పెద్దగా పనికొచ్చేవి లేవు. అది నాలుక చాపి వగరుస్తూ నోటిలోని, ముక్కులోని తడిని ఆవిరి చేసి ఒంటి వేడిని బయటికి పంపుతుంది. నెమ్మదిగా పడుకున్నప్పుడు నిమిషానికి 15 నుంచి 30 సార్లు ఊపిరి తీసే కుక్క, వేడి ఎక్కువైతే 300 సార్లకు పైగా వగరుస్తుంది. ఆ వగర్పుకూ కండరాలు పనిచేయాలి, ఆ పనివల్లా వేడి పుడుతుంది. అందుకే గంటల తరబడి ఆపకుండా వగర్చడం అలసటకు గుర్తు, దాన్ని మామూలుగా తీసుకోకూడదు.

గది గాలి ఒంటి వేడికన్నా చల్లగా ఉన్నంతసేపు కుక్క నేలకు ఆనుకొని, గాలికి పడుకొని కొంత వేడిని వదిలేస్తుంది. గదిలోనే 40 డిగ్రీలు ఉంటే ఆ దారి మూసుకుపోతుంది, ఆవిరి ఒక్కటే మిగులుతుంది. సీలింగ్ ఫ్యాను మనిషికి చల్లగా ఉంటుంది, ఎందుకంటే మనిషి ఒంటి మీది చెమటను అది ఆరబెడుతుంది. పొడి బొచ్చుతో ఉన్న కుక్కకు అదే ఫ్యాను వేడిగాలినే కొడుతుంది. పొట్ట, తొడల లోపలి వైపు, పాదాలు తడిపి ఫ్యాను కింద పడుకోబెడితే ఆ తడి ఆరుతూ కుక్క చల్లబడుతుంది. ఖర్చు లేని ఈ ఒక్క ఉపాయం తెలిస్తే ఏసీ లేని ఇంట్లో కూడా కుక్కను మే నెల దాటించవచ్చు.

ముక్కు చదునుగా ఉన్న పగ్, షిట్జు, బుల్‌డాగ్ జాతులకు ఊపిరి దారే ఇరుకు. వగర్చినా వాటికి చాలినంత ఆవిరి పోదు. 2003లో వచ్చిన హచ్ ఫోన్ ప్రకటన తర్వాత దేశమంతా పగ్‌ల మీద మోజు పెరిగింది. ఈ మూడు జిల్లాల ఎండకు ఆ జాతి సరిపడదని నిస్సంకోచంగా చెప్పాలి. మంచు దేశపు హస్కీని ఇక్కడ పెంచడం అంతకన్నా అన్యాయం. ముసలి కుక్కలు, లావెక్కినవి, గుండె జబ్బు ఉన్నవి, చిన్న కుక్కపిల్లలు కూడా తొందరగా దెబ్బతింటాయి. పల్చటి బొచ్చున్న ఊరకుక్క ఈ వాతావరణానికి అలవాటు పడ్డదే. అయినా రేకుల గదిలో గొలుసుతో కట్టేస్తే ఆ అలవాటు దానికి అక్కరకు రాదు.

బొచ్చు ఎక్కువున్న పమేరియన్, జర్మన్ షెపర్డ్ కుక్కలకు గుండు గీయించడం మంచిది కాదు. బొచ్చు ఎండ వేడిని చర్మందాకా రానివ్వదు. రోజూ దువ్వి, ఊడిన లోపలి బొచ్చు తీసేస్తే గాలి ఆడుతుంది.

కప్పు కింద

మూడు జిల్లాల్లోనూ ఇళ్ల తీరు మారిపోయింది. పాత పెంకుటిల్లు మధ్యాహ్నం వేడెక్కినా పెంకుల సందుల్లోంచి గాలి ఆడేది, పొద్దుగూకగానే చల్లబడేది. సిమెంటు స్లాబు అలా కాదు. పగలంతా ఎండను తాగి రాత్రి లోపలికి వదులుతుంది. అందుకే స్లాబు ఇంట్లో రాత్రి తొమ్మిది గంటలప్పుడు కూడా కుక్క వగరుస్తూనే ఉంటుంది, ఇంటివాళ్లు దానికేదో జబ్బు చేసిందనుకుంటారు. సిమెంటు రేకుల గది పగటిపూట అన్నిటికన్నా ప్రమాదం. పై అంతస్తులోని మెట్ల గది, వాటర్ ట్యాంకు కింది సందు, డాబా మీది రేకుల షెడ్డు కుక్కను ఉంచదగ్గ చోట్లు కావు.

కప్పు మీద తెల్ల సున్నం వేయడం పాత పద్ధతి. లోపలి వేడి దానితో కొన్ని డిగ్రీలు తగ్గుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో తెచ్చిన కూల్ రూఫ్ విధానం చెప్పేదీ ఇదే: ఎండను వెనక్కి కొట్టే తెల్లటి పూత. పడమటి కిటికీకి వట్టివేళ్ల చాప గానీ తడిపిన గోనె సంచి గానీ కడితే కుక్కకూ మనిషికీ మేలే. తెల్లవారుజామున తలుపులు, కిటికీలు తెరిచి చల్లగాలి రానిచ్చి, తొమ్మిదింటికల్లా ఎండ వైపువి మూసేయాలి.

కుక్క తనకు కావలసిన చోటును తానే వెతుక్కుంటుంది. షాబాద్ బండల వంటిల్లు, మంచం కింది చీకటి, నీళ్ల రంజన్ పక్కన తడి నేల, బాత్‌రూమ్ గడప దానికి ఇష్టం. అది పడుకున్న చోటి నుంచి అదిలించకుండా ఉండటమే సగం సేవ.

కూలర్, కరెంటు

జనగామ వైపు ఏప్రిల్, మే నెలల పొడి వేడికి కూలర్ బాగా పనిచేస్తుంది. గాలిలో తేమ తక్కువ కాబట్టి గడ్డి పలకల్లోంచి వచ్చే గాలి పది డిగ్రీల దాకా చల్లబడగలదు. అయితే కిటికీ తెరిచి ఉండాలి. గది మూసేసి కూలర్ పెడితే గంటలో తేమ నిండుతుంది. తేమ నిండిన గాలిలోకి కుక్క నాలుక మీది తడి ఆవిరి కాదు. ఏ దారిన అది చల్లబడాలో ఆ దారినే మనం మూసినట్టవుతుంది. జూన్‌లో మబ్బులు పట్టి ఉక్కపోసే రోజుల్లో కూలర్ కన్నా ఫ్యాను, ఒంటికి తడి, తెరిచిన కిటికీ మేలు. ఎండ తగ్గింది కదా అని కుక్కను పట్టించుకోకుండా వదిలేసేది సరిగ్గా ఈ రోజుల్లోనే.

ఇనుప బాడీ కూలర్ తగిలి మనుషులు చనిపోయిన వార్తలు ఎండకాలమంతా పేపర్లలో కనిపిస్తూనే ఉంటాయి. కుక్కకు ఆ ముప్పు ఇంకా ఎక్కువ. అది తడి నేల మీద నాలుగు కాళ్లతో నిలబడి కూలర్ తొట్టిలో నీళ్లు తాగడానికి మూతి పెడుతుంది. ఎర్తింగ్ లేని ఇంట్లో ఇనుప కూలర్ ఉన్న గదిలో కుక్కను ఒంటరిగా వదలకూడదు. ఫైబర్ బాడీ కూలర్, నేలకు ఎత్తుగా స్టాండు, కుక్క కొరకలేని చోట వైరు ఉండాలి.

భూపాలపల్లిలో సింగరేణి బొగ్గు తీస్తారు. పక్కనే చెల్పూరులో కాకతీయ థర్మల్ కేంద్రం కరెంటు తయారు చేస్తుంది. అయినా గాలిదుమారం వచ్చినప్పుడు ఇక్కడి ఇళ్లకూ కరెంటు పోతుంది. ఏసీ గదిలో కుక్కను పెట్టి తలుపేసి డ్యూటీకి వెళ్లినవారు ఈ మాట గుర్తుంచుకోవాలి. కరెంటు పోయిన మరుక్షణం నుంచి ఆ మూసిన గది వేడెక్కడం మొదలుపెడుతుంది. గనిలో ఎనిమిది గంటల షిఫ్టు చేసే మనిషి తిరిగొచ్చేసరికి చాలా ఆలస్యమైపోతుంది. కుక్క బండల గదిలోకి వచ్చిపోయేటట్టు తలుపు తెరిచి, ఒకటికి రెండు చోట్ల నీళ్లు పెట్టి, ఓసారి వచ్చి చూడమని పక్కింటివారికి చెప్పి వెళ్లడం మంచిది.

గొలుసు సంగతి వేరుగా చెప్పాలి. ఎండ జరిగినకొద్దీ కుక్కా జరగగలగాలి, కట్టేస్తే జరగలేదు. చాలా పొట్టి గొలుసుతో చాలాసేపు కట్టేయడం, యజమాని తిండి, నీళ్లు, నీడ ఇవ్వకపోవడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం 11వ సెక్షను కింద నేరాలు.

నీళ్లు, తిండి

మామూలు రోజుల్లో కుక్కకు కిలో బరువుకు రోజుకు 50, 60 మిల్లీలీటర్ల నీళ్లు కావాలి. 20 కిలోల కుక్కకు లీటరుకు పైనే అన్నమాట, ఎండకాలంలో అంతకన్నా ఎక్కువ. స్టీలు గిన్నెకన్నా మట్టి కంచుడు నయం. అందులో నీళ్లు చల్లగా ఉంటాయి, వెడల్పుగా బరువుగా ఉంటుంది కాబట్టి ఒరిగిపోదు. తిండి పొద్దున్నే ఒకసారి, చీకటి పడ్డాక ఒకసారి పెడితే చాలు. పల్చటి మజ్జిగ అన్నం చాలా కుక్కలకు సరిపడుతుంది. గింజలు తీసిన పుచ్చకాయ ముక్కలు పెట్టవచ్చు.

అంబలిలో, మజ్జిగన్నంలో ఉల్లిగడ్డ నంజుకోవడం, వడదెబ్బ తగలకుండా జేబులో ఉల్లిగడ్డ పెట్టుకోవడం ఈ ప్రాంతపు అలవాట్లు. ఆ మిగిలిన అన్నమే కుక్కకు వేస్తారు. ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ కుక్క రక్తంలోని ఎర్ర కణాలను పగలగొడతాయి. కిలో బరువుకు 15 నుంచి 30 గ్రాముల ఉల్లిగడ్డ చాలు దెబ్బతీయడానికి, అంటే 10 కిలోల కుక్కకు రెండు మామూలు గడ్డలు. పచ్చిదైనా వండిందైనా ఒకటే. ద్రాక్ష, కిస్‌మిస్ మూత్రపిండాలను పాడుచేస్తాయి. మామిడి టెంక పేగుకు అడ్డం పడితే ఆపరేషను తప్పదు. బాత్‌రూమ్‌లో పడుకునే కుక్క ఫినాయిల్ కలిపిన బకెట్లో మూతి పెట్టకుండా చూడాలి.

కుక్క పడుకునే చల్లటి మూలల్లో, గోడ పగుళ్లలో గోమార్లు గుడ్లు పెడతాయి. వాటివల్ల వచ్చే జ్వరంలో కూడా కుక్క వగరుస్తుంది, డీలా పడుతుంది, అది వడదెబ్బేనని పొరబడే వీలుంది. జ్వరమైనా వడదెబ్బైనా సొంతంగా పారాసెటమాల్ మాత్ర వేయకూడదు. అది వడదెబ్బ వేడిని దించదు, పైగా కాలేయానికి చేటు.

వడదెబ్బ తగిలితే

ఆగని వగర్పు, చిక్కగా తీగలా సాగే చొంగ, ముదురు ఎరుపెక్కిన చిగుళ్లు, తూలడం, వాంతి, రక్తపు విరేచనం, పిలిచినా పలకకపోవడం వడదెబ్బ లక్షణాలు. ఒంటి వేడి 41 డిగ్రీలు దాటితే ప్రాణం మీదికి వచ్చినట్టే.

ముందు చల్లబరచాలి, తర్వాతే బండి ఎక్కించాలి. లండన్‌లోని రాయల్ వెటర్నరీ కాలేజీ పరిశోధకులు కొన్నేళ్లుగా నొక్కి చెబుతున్నది ఇదే. పల్లె నుంచి పశువైద్యుడి దగ్గరికి గంట ప్రయాణం పట్టే ఈ జిల్లాలకు ఆ మాట మరీ వర్తిస్తుంది. ఒళ్లంతా నీళ్లు పోసి ఫ్యాను పెట్టాలి. తెలివిలో ఉన్న వయసు కుక్కనైతే తల నీళ్ల పైన ఉండేటట్టు పట్టుకొని తొట్టిలో దింపవచ్చు. ఐసు నీళ్లు అసలే వాడకూడదన్న పాత హెచ్చరికకు ఇప్పుడు బలం లేదు, ఆలస్యమే పెద్ద కీడు. కానీ ఇక్కడొక స్థానిక చిక్కుంది: మే నెల మధ్యాహ్నం డాబా మీది ప్లాస్టిక్ ట్యాంకు నుంచి వచ్చే నల్లా నీళ్లు చెయ్యి కాలేంత వేడిగా ఉంటాయి. తొందరలో అవే కుక్క మీద పోస్తే మేలుకు బదులు కీడు జరుగుతుంది. పొద్దున్నే రెండు బకెట్లు నింపి నీడన ఉంచుకోవాలి, లేదా బోరు మోటారు వేసి నేరుగా పట్టాలి.

తడి దుప్పటి కప్పి ఉంచకూడదు, కాసేపటికి అదే వేడిని పట్టి ఉంచుతుంది. తెలివిలేని కుక్క నోట్లో నీళ్లు పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. మలద్వారంలో డిజిటల్ థర్మామీటరు పెట్టి చూసి, 39.5 డిగ్రీలకు రాగానే నీళ్లు పోయడం ఆపాలి, లేకపోతే ఒళ్లు మరీ చల్లబడిపోతుంది. దారిలో బండి కిటికీలు తెరిచి ఉంచాలి.

ప్రభుత్వ సంచార పశువైద్య వాహనాల ఉచిత ఫోన్ నంబరు 1962. అవి ప్రధానంగా పాడి పశువుల కోసం పెట్టినవి, అయినా దగ్గరి పశువైద్యశాల గురించి అడగడానికి పనికొస్తుంది. వరంగల్ దగ్గర మామునూరులో పశువైద్య కళాశాల ఉంది. ఎండలు ముదరకముందే దగ్గరి పశువైద్యుడి ఫోన్ నంబరు గోడ మీద రాసి పెట్టుకోండి.

లేచి తోక ఊపిన కుక్కను చూసి గండం గడిచిందని ఇంటికి తెచ్చేసుకోవద్దు. మూత్రపిండాలు, కాలేయం దెబ్బతినడం, రక్తం గడ్డకట్టే గుణం చెడిపోవడం ఒకటి నుంచి మూడు రోజుల తర్వాత కూడా బయటపడతాయి. పొట్ట చర్మం మీద ఎర్రటి చుక్కలు కనిపించినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా, అసలే రాకపోయినా ఆ రోజే మళ్లీ వైద్యుడి దగ్గరికి తీసుకుపోవాలి.