స్థానిక పోలీసులకు కేంద్ర సహాయం: అమెరికా అనుభవం
అమెరికాలో పోలీసు వ్యవస్థ ప్రధానంగా నగరాలు, కౌంటీల చేతిలో ఉంటుంది. వాటిని నేరుగా శాసించే అధికారం కేంద్రానికి లేదు. నిధులిచ్చి ప్రభావితం చేయగలదు. నగరాల్లో అల్లర్లు చెలరేగిన కాలంలో, 1968 చట్టం ద్వారా ఏర్పడిన లా ఎన్‌ఫోర్స్‌మెంట్ అసిస్టెన్స్ అడ్మినిస్ట్రేషన్ ఈ పనే చేసింది. రాష్ట్రాల ద్వారా పోలీసులకు, కోర్టులకు, జైళ్లకు నిధులు అందించింది. పోలీసులు కళాశాలలో చదవడానికి రుణాలిచ్చింది. చదివాక ఉద్యోగంలో కొనసాగితే ఏటా నాలుగో వంతు మాఫీ. నా దృష్టిలో దాని మేలైన పని ఇదే. హెలికాప్టర్లు, అల్లర్ల అణచివేత సామగ్రి కొనుగోళ్లు మాత్రం తీవ్ర విమర్శలకు గురయ్యాయి. 1982లో సంస్థ రద్దయింది.

మన రాజ్యాంగంలోనూ పోలీసు రాష్ట్ర జాబితా అంశమే. 1969–70లో మొదలైన పోలీసు ఆధునికీకరణ పథకాన్ని చదివేటప్పుడు మీరూ శిక్షణకెంత, వాహనాలకెంత అని విడదీసి చూడండి.