యంత్రములు మాటలాడు వేగము

పాత వర్క్‌స్టేషనులను భద్రపరచువారికి తరచుగా ఒక విచిత్రమైన స్థితి ఎదురగుచుండును. యంత్రమునకు విద్యుత్తు అందుచున్నది, లోపలి పంకా తిరుగుచున్నది. కాని తీగ తగిలించిన టెర్మినల్ తెరపై అర్థములేని గుర్తులే బారులు తీరుచున్నవి. చెడిపోయినదని తలచి, అట్టి యంత్రమును పాతసామానుల వర్తకునికి తూచి ఇచ్చివేసిన వారిని మేమెరుగుదుము. యంత్రము సవ్యముగనే మాటలాడుచున్నది. వినెడి టెర్మినలే వేరొక వేగమున వినుచున్నది.

ఈ వేగపు కథకు మూలము తంతి కార్యాలయములలో నున్నది. ఫ్రాన్సు దేశపు తంతిశాఖ ఉద్యోగి ఎమీల్ బోడో 1874లో తన ముద్రణ తంతి పద్ధతికి పేటెంటు పొందెను. వేగమును కొలుచు 'బాడ్' అతని పేరిటిదే. 1963లో వెలువడిన టెలిటైప్ 33 యంత్రము 110 వేగమున పనిచేసెడిది. అక్షరమునకు 11 బిట్లు గనుక సెకనుకు పదియక్షరములు! వరుసకు 80 అక్షరములు, 24 వరుసలు గల తెర నిండుటకు ఆ లెక్కన 3 నిమిషముల 12 సెకనులు పట్టును. అక్షరమునకు 10 బిట్ల చొప్పున, 9600 వేగమున 2 సెకనులు చాలును.

సీరియల్ తీగపై గడియారపు సంకేతము వేరుగా సాగదు. ఆరంభపు బిట్టును గుర్తించి, ఆపై వినెడి యంత్రము తన గడియారముతోనే లెక్కించుకొనవలెను. 9600 వద్ద ఒక్కొక్క బిట్టు నిలుచునది సెకనులో 9600వ వంతు మాత్రమే. రేడియో ముల్లు సరిగా త్రిప్పనిచో గరగర శబ్దము వినిపించి తప్పు తెలిసిపోవును. ఇచ్చట అట్లు గాదు. తప్పు వేగమునను అక్షరములే వచ్చును, కాని పంపినవి గావు. "నీ వేగమెంత?" అని అడుగుటకైనను ముందు వేగము తెలిసియుండవలెను గదా! యూనిక్స్ నిర్మాతలు దీనికొక ఉపాయము పన్నిరి. 'బ్రేక్' మీట నొక్కినచో తీగ ఒక అక్షరకాలమునకు మించి సున్నా స్థితిలో నిలుచును. దానిని పసిగట్టి 'గెట్టీ' అను ప్రోగ్రాము తదుపరి వేగమునకు మారెడిది.

1989 నాటి సన్ స్పార్క్‌స్టేషనులో ఏర్పాటు వేరు. కీబోర్డు తగిలింపక విద్యుత్తు నిచ్చినచో కన్సోలు మొదటి సీరియల్ ద్వారమునకు మరలును: వేగము 9600, ఎనిమిది బిట్లు, పారిటీ లేదు, ఒక ముగింపు బిట్టు. ఎవరైన 19200కు మార్చినచో ఆ మార్పు బ్యాటరీ గల చిప్పులో నిలుచును. ఏండ్లు గడచి బ్యాటరీ నశించినంతనే యంత్రము తన గుర్తింపు సంఖ్యను, ఈథర్‌నెట్ చిరునామాను మరచి, వేగమున మరల 9600కే వచ్చును. టెర్మినల్ మాత్రము 19200 వద్దనే కాచుకొనియుండును. పైని చెప్పిన గుర్తుల బారులకు ఇది తరచైన కారణము.

ఇంకొక చిక్కు కలదు. బ్రేక్ సంకేతము సన్ యంత్రమునకు 'ఆగుము' అను ఆజ్ఞ. కొన్ని టెర్మినళ్ళ స్విచ్చి ఆర్పినను అట్టి సంకేతమే పోవును. సాయంకాలము తెర ఆర్పి ఇంటికి పోయిన ఉద్యోగి, తానెరుగకయే కార్యాలయపు యంత్రమంతటిని నిలిపివేయవచ్చును! అట్టి యెడ కంగారుపడి విద్యుత్తు తీసివేయరాదు. తెరపై 'ఓకే' అని కనబడుచోట 'గో' అని టైపు చేసినచో, యంత్రము సాధారణముగా ఆగినచోటి నుండియే పని సాగించును.