గుమ్మం ముందు గ్రామఫోను

అమెరికా సుప్రీంకోర్టు తీర్పులు రెండింటికి మే నెలతో చుట్టరికం ఉంది. ఒకటి 1940 మే 20న వచ్చింది, ఇంకొకటి 1943 మే 3న. రెండింటికీ మూలం, ముక్కూమొహం తెలియని మనిషి ఎదురుపడి ‘దేవుడి గురించి రెండు నిమిషాలు మాట్లాడొచ్చా అండీ?’ అని అడగడమే.

ఆ అడగడం చాలా పాతది. బుద్ధుడు తొలి అరవై మంది శిష్యులనూ పంపుతూ, ఏ ఇద్దరూ ఒకే దారిన పోవద్దన్నాడని వినయపిటకం చెబుతుంది. యేసు తన శిష్యులను ఇద్దరిద్దరిగా పంపాడు. చేర్చుకోని ఊళ్ళో కాళ్ళ ధూళి దులుపుకుని సాగిపొమ్మన్నాడు. తొలినాటి క్రైస్తవుల నియమావళి ‘డిడాకే’ అయితే, వచ్చిన అపొస్తలుడు మూడోరోజు కూడా మకాం ఎత్తకపోతే నమ్మొద్దంది. మర్యాదకు హద్దు గీసిన ఆ పెద్దల లోకజ్ఞానం నాకెంతో ఇష్టం. మన వాకిళ్ళలో జంగమదేవర శంఖం ఊదాడు, సంక్రాంతికి హరిదాసు కీర్తన పాడాడు. వాళ్ళు బియ్యం పుచ్చుకుని దీవించి వెళ్ళేవారు, ఎవరి నమ్మకాన్నీ తప్పుపట్టేవారు కాదు.

యెహోవాసాక్షులు మాత్రం మాట్లాడటానికే వస్తారు. 1870ల్లో పిట్స్‌బర్గ్‌లో చార్లెస్ తేజ్ రస్సెల్ చుట్టూ చేరిన బైబిలు విద్యార్థులతో మొదలైన సమాజమిది. 1931లో యెహోవాసాక్షులన్న పేరు పెట్టుకున్నారు. వాళ్ళ ‘కావలికోట’ పత్రిక తెలుగులోనూ వస్తుంది.

ఇక నన్ను ఎప్పుడూ కట్టిపడేసే ఘట్టం. 1938 ఏప్రిల్ 26, న్యూహేవెన్ పట్టణం, కేషియస్ వీధి. అక్కడ నూటికి తొంభై మంది క్యాథలిక్కులు. యెహోవాసాక్షి న్యూటన్ కాంట్‌వెల్, అతని కొడుకులు జెస్సీ, రస్సెల్ ఇంటింటికీ తిరుగుతున్నారు. ఒక్కొక్కరి దగ్గరా పుస్తకాల సంచీ, చేత్తో మోసుకెళ్ళే గ్రామఫోను, కొన్ని రికార్డులు. ముందు అనుమతి అడిగి రికార్డు వేస్తారు. అందులో ఒక పుస్తకం గురించి ఉంటుంది. విన్నాక పుస్తకం కొనమంటారు. కొనకపోతే చందా అడుగుతారు. చందా ఇస్తే, చదువుతామని మాట తీసుకుని చిన్న పుస్తకం చేతిలో పెడతారు.

జెస్సీ వీధిలో ఇద్దరిని ఆపి, రికార్డు వేయనా అని అడిగాడు. వాళ్ళు సరేనన్నారు. అది క్యాథలిక్ మతాన్ని తీవ్రంగా దుయ్యబట్టే ‘ఎనిమీస్’ అనే పుస్తకం గురించిన రికార్డు. విన్న ఇద్దరూ క్యాథలిక్కులే. ఒళ్ళు మండిపోయి, కొట్టాలన్నంత కోపం వచ్చింది. వెళ్ళిపొమ్మన్నారు. జెస్సీ వెళ్ళిపోయాడు. జరిగింది అంతే! అయినా లైసెన్సు లేకుండా చందాలడిగారని తండ్రీకొడుకులందరికీ, శాంతిభంగం చేశాడని జెస్సీకి శిక్ష పడింది. 1940లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ఆ శిక్షలు రెండింటినీ కొట్టేసింది. ఏది మతకార్యమో, ఏది కాదో తేల్చే అధికారం ఒక అధికారి చేతిలో పెట్టకూడదంది. జెస్సీ బెదిరించలేదు, ఎదుటివాళ్ళను తిట్టలేదు కాబట్టి అది శాంతిభంగం కాదంది.

నా మనసు తీర్పు కన్నా ఆ ఇద్దరు శ్రోతల మీదే నిలుస్తుంది. చెయ్యెత్తకుండా నోటితో పొమ్మన్నారు. అతనూ మారుమాట లేకుండా కదిలాడు. మతం మీద రాజుకున్న కోపం అక్కడికక్కడే ఆగడం చిన్న విషయం కాదు.

ఇక రెండో తీర్పు. ఒహాయోలోని స్ట్రథర్స్ ఉక్కు కార్మికుల ఊరు. రాత్రి షిఫ్టు చేసి పగలు నిద్రపోయేవాళ్ళు ఎక్కువ. కరపత్రాలివ్వడానికి ఎవరూ తలుపు కొట్టకూడదని పురపాలకులు చట్టం చేశారు. అయినా తలుపు తట్టిన యెహోవాసాక్షి థెల్మా మార్టిన్‌కు 10 డాలర్ల జరిమానా వేశారు. నిద్ర చెడిన మనిషి బాధ నిజమైనదే. కానీ వచ్చినవాళ్ళను రానివ్వాలో పొమ్మనాలో తేల్చుకోవాల్సింది ఇంటివాళ్ళేనని 1943లో జస్టిస్ హ్యూగో బ్లాక్ రాశారు. అయిదుగురు అటు, నలుగురు ఇటు.

ఇక్కడ మన తెలుగువాడు, జస్టిస్ ఓ. చిన్నపరెడ్డిని తలుచుకోవాలి. జాతీయగీతానికి లేచి నిలబడినా పాడని కేరళ యెహోవాసాక్షుల పిల్లలు ముగ్గురిని బడి నుంచి తీసేస్తే, 1986 ఆగస్టు 11న వాళ్ళను తిరిగి చేర్చుకోమన్న తీర్పు ఆయనదే.

ఆ తర్వాత దారి తిన్నగా సాగలేదు. 2002లో అమెరికాలో స్ట్రాటన్ అనే, అప్పట్లో 278 మంది ఉన్న పల్లె, తలుపు తట్టాలంటే మేయరు కార్యాలయం అనుమతి కావాలని పట్టుబట్టి ఓడిపోయింది. 2017లో రష్యా సుప్రీంకోర్టు ఈ సమాజాన్ని ఏకంగా నిషేధించింది. 2020 మార్చిలో కరోనా వల్ల సాక్షులే ఇంటింటి తిరుగుడు ఆపి ఉత్తరాలు, ఫోన్లు పట్టుకున్నారు. 2022 సెప్టెంబరు 1 నుంచి మళ్ళీ బయల్దేరారు. హైదరాబాద్ గేటెడ్ కమ్యూనిటీల్లో ఇప్పుడు ఎవరొచ్చినా గేటు దగ్గరే నిలబెడతారు. వినాలో వద్దో చెప్పాల్సిన మనిషికి, ఎవరో వచ్చి వెళ్ళారన్న సంగతే ఒక్కోసారి తెలియదు.